రాయి నిలిచిన చోటు

హిందూపురం నుంచి పెనుకొండ మీదుగా ధర్మవరం దాకా రైల్లో పోయినా బస్సులో పోయినా కిటికీలోంచి ఎక్కువగా కనబడేది రాయే. గుట్టలు, గుండ్లు, వాటి నడుమ శనక్కాయల చేలు, చేల గనిమల మీద అక్కడక్కడ ఎవరో ఎప్పుడో నిలబెట్టిన బండలు. ఆ నిలబెట్టిన బండల గురించే ఈ ప్రసంగం. కొన్నింటి మీద చెక్కడం ఉంటుంది. కత్తి పట్టిన వీరుడు కావచ్చు, సూర్యచంద్రులు కావచ్చు, త్రిశూలం కావచ్చు, ఒక్కోసారి వేలి కొన పట్టేంత గుంటలు మాత్రమే కావచ్చు. అలాంటి రాయి ఒకటి ఉందని తెలిసినప్పుడు చదువుకున్నవాళ్ళు వెంటనే అనే మాట, దాన్ని మ్యూజియంకు చేర్చాలని. ఊరి పెద్దలు అనే మాట, గుడి ముందుకు తెచ్చి గద్దె కట్టిద్దామని. రెండూ గౌరవంతో పుట్టిన మాటలే. అయినా నా వాదన వాటికి ఎదురుగా నడుస్తుంది. పాత నిలువు రాయి మనకు చెప్పగలిగిన సంగతుల్లో పెద్ద వంతు అది నిలిచిన చోటులో ఉంది. చోటు మారిస్తే రాయి మిగులుతుంది, సాక్ష్యం పోతుంది. కాబట్టి కాపాడవలసింది చోటును, చోటుతో పాటు రాయిని.

ముందు వయసు సంగతి చూద్దాం. ఈ రాయి ఎంత పాతది అని అడిగినప్పుడు మనం నిజానికి మూడు ప్రశ్నలు ఒకేసారి అడుగుతున్నాం. బండ పుట్టి ఎన్నాళ్ళయింది, దాన్ని నిలబెట్టి ఎన్నాళ్ళయింది, దాని మీద చెక్కి ఎన్నాళ్ళయింది. మొదటి ప్రశ్నకు జవాబు భూగర్భ శాస్త్రం చెబుతుంది. మన సీమ గ్రానైటుకు సుమారు 250 కోట్ల ఏళ్ళు. మనిషి చరిత్రకు ఆ అంకెతో పని లేదు. మనకు కావలసింది రెండో జవాబు, అది రాతిలో ఎంత వెతికినా దొరకదు. రాయిని నిలబెట్టినవాళ్ళు ముందుగా గుంట తవ్వారు, బండ పాదాన్ని అందులోకి దించారు, కదలకుండా చుట్టూ చిన్న రాళ్ళు దట్టించి మట్టి కప్పారు. ఆ గుంటలో ఒక బొగ్గు ముక్కో ఎముకో పడి ఉంటే రేడియోకార్బన్ పద్ధతితో కాలం లెక్కించవచ్చు. కుండ పెంకు దొరికితే దాని రంగు, దాన్ని కాల్చిన తీరు చూసి ఏ కాలపు కుమ్మరి పనో చెప్పవచ్చు. ఇవేవీ లేకపోయినా, గుంట అడుగున ఉన్న ఇసుక రేణువులకు చివరిసారి ఎండ ఎప్పుడు తగిలిందో కొలిచే పద్ధతి ఇప్పుడు ఉంది. ఆ మట్టిని చీకట్లోనే తీసి, చీకట్లోనే ప్రయోగశాలకు చేర్చాలి. రాయికి గొలుసు కట్టి జేసీబీతో పెకలిస్తే ఈ దారులన్నీ ఒక్క పూటలో మూసుకుపోతాయి. పైమట్టి, అడుగుమట్టి కలిసిపోతాయి. ఆ తర్వాత ఎంత గొప్ప పండితుడు వచ్చి ఆ రాయి ముందు నిలబడినా, మూడు వేల ఏళ్ళో మూడు వందల ఏళ్ళో ఊహించి చెప్పవలసిందే.

ఇది మన ప్రాంతానికి దూరపు సంగతేమీ కాదు. కళ్యాణదుర్గం దగ్గర పాలవాయిలో కొత్త రాతియుగపు పశువుల కాపరులు వదిలిన బూడిద దిబ్బ ఉంది. అదే కళ్యాణదుర్గం ప్రాంతంలో ముదిగల్లు, గొల్లపల్లి దగ్గర పెద్ద పెద్ద బండపలకలతో కట్టిన ఇనుపయుగపు సమాధులు ఉన్నాయి. తెలుగునాట చాలాచోట్ల జనం ఇలాంటివాటిని పాండవుల గుళ్ళనీ రాకాసి గుళ్ళనీ పిలుస్తారు. రాయదుర్గం సరిహద్దు దాటితే చిత్రదుర్గం జిల్లాలో బ్రహ్మగిరి వస్తుంది. అక్కడ 1947లో పురావస్తు శాస్త్రవేత్త మోర్టిమర్ వీలర్ తవ్వకం జరిపాడు. రాతి గొడ్డళ్ళ కాలం అడుగున, బండల సమాధుల కాలం దానిపైన, తొలి చారిత్రక కాలం ఆపైన, మట్టి పొరలు వరుసగా బయటపడ్డాయి. దక్షిణాదిలో నిలువు రాళ్ళను, రాతి సమాధులను ఒక కాలక్రమంలో పెట్టడానికి మొదటి గట్టి ఆధారం ఆ పొరల వరుసే. వీలర్ ఇచ్చిన తేదీలను తర్వాతి రేడియోకార్బన్ ఫలితాలు చాలా వెనక్కి జరిపాయి. క్రీస్తుకు పూర్వం రెండు వందల ఏళ్ళ దగ్గర ఆయన ఆగితే, ఇప్పుడు వెయ్యేళ్ళకూ అంతకు ముందుకూ వెళ్ళాం. ఆయన తప్పును సరిదిద్దగలిగింది కూడా పొరలు పొరలుగా రాసిపెట్టిన నేల ఉండబట్టే.

చెక్కిన రాళ్ళ విషయంలో చోటు ఎంత పని చేస్తుందో చెప్పడానికి గోదావరి అడవుల కథ ఒకటి ఉంది. ములుగు ప్రాంతంలో కాటాపూర్ దగ్గర, ఇంకా దిగువన దొంగతోగు వంటి చోట్ల, బండల సమాధుల పక్కన నిలబెట్టిన శిలలు ఉన్నాయి. పైన గుండ్రని తల, అటూ ఇటూ భుజాలు, కింద పొడుగాటి ఒళ్ళు. 1868లో ముల్హెరాన్ అనే అధికారి వీటిని గురించి రాశాడు. 1872లో జేమ్స్ ఫెర్గూసన్ ప్రపంచంలోని రాతి కట్టడాల మీద తన ప్రసిద్ధ గ్రంథం వెలువరించినప్పుడు వీటి బొమ్మలు వేసి, ఇవి క్రైస్తవ శిలువలన్నట్టుగా వాదించాడు. ఆకారం ఒక్కటే చూస్తే ఆ ఊహ వింతగా తోచదు. తల పైకి, చేతులు పక్కలకు, మిగతాది నిట్టనిలువు. కానీ రాయి చుట్టూ ఉన్నవి ఇనుపయుగపు సమాధులు. అలాంటి శిలలు ఒక్కచోట కాదు, అనేక సమాధి క్షేత్రాల్లో కనిపిస్తాయి. కొన్నింటి మీద స్త్రీ వక్షం స్పష్టంగా తెలుస్తుంది. తర్వాతి పరిశోధకులు వీటిని మనిషి రూపంలో చెక్కిన స్మారక శిలలుగా గుర్తించారు. ఊహించి చూడండి, ఫెర్గూసన్ కాలంలోనే ఆ శిలను ఏ లండన్‌కో మద్రాసుకో తరలించి, కింద ఒక చీటీ అంటించి ఉంటే, ఆ చీటీ మీద ఏమని రాసి ఉండేది? ఆ పొరపాటును పట్టిచ్చింది పక్కనున్న సమాధి.

ఇప్పుడు కృష్ణా తీరానికి వెళ్దాం. నారాయణపేట జిల్లా కృష్ణా మండలంలో ముడుమాల్ అనే ఊరుంది. అక్కడ పది నుంచి పధ్నాలుగు అడుగుల ఎత్తున దాదాపు ఎనభై నిలువు రాళ్ళు, వాటి చుట్టూ వరుసలు తీర్చిన చిన్న గుండ్లు సుమారు మూడు వేలు ఉన్నాయి. 2025లో ఈ క్షేత్రం యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చేరింది. హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆచార్య కె.పి. రావు ఏళ్ళ తరబడి దీన్ని పరిశీలించారు. కొన్ని వరుసలు సూర్యుడి ఉదయాస్తమయాలతో, ముఖ్యంగా పగలూ రాత్రీ సమానమయ్యే రోజులతో, పొద్దు మళ్ళే రోజులతో సరిపోతున్నాయని ఆయన చెప్పారు. అక్కడే ఒక రాతి మీద చెక్కిన గుంటలు సప్తర్షి మండలాన్ని, చుట్టుపక్కల నక్షత్రాలను చూపుతున్నాయనీ, వాటిలో రెండు గుంటలను కలిపి గీత పొడిగిస్తే ధ్రువనక్షత్రం దిక్కు వస్తుందనీ అన్నారు. ఇది నిజమైతే మన తెలుగు నేల మీద, బహుశా ఈ ఉపఖండం మొత్తంలోనే, ఆకాశాన్ని రాతికెక్కించిన అతి పాత ప్రయత్నాల్లో ఒకటి.

దీనికి బలమైన అభ్యంతరం ఉంది, దాన్ని దాటవేయకూడదు. రాళ్ళ మీద గుంటలు ప్రపంచమంతటా ఉన్నాయి. ముప్పై గుంటలు ఉన్న చోట ఏడింటిని ఎంచుకుంటే గరిటె ఆకారం ఎలాగో ఒకలా కుదురుతుంది. మూడు వేల రాళ్ళు ఉన్న చోట ఏవో రెండు రాళ్ళు సూర్యోదయం వైపు చూపకుండా ఎలా ఉంటాయి? నా మట్టుకు సూర్యుడితో కలిసే వరుసల వాదన గట్టిదనిపిస్తుంది, నక్షత్రాల వాదనకు ఇంకా బలం కావాలనిపిస్తుంది. అయితే గమనించవలసింది వేరొకటి. ఈ సందేహాన్ని తీర్చుకోవడానికి మనకు దారి ఉంది. ఎవరైనా మార్చి 21 ప్రాంతంలో తెల్లవారుజామున అక్కడ నిలబడి చూడవచ్చు. ఏ రెండు రాళ్ళనూ ముందుగా ఎంచుకోకుండా, అన్ని వరుసల దిక్కులూ కొలిచి, యాదృచ్ఛికంగా ఎన్ని సరిపోవచ్చో లెక్క కట్టి, అసలు సంఖ్యతో పోల్చవచ్చు. గుంటలు చెక్కిన రాయి ఏ వైపుకు తిరిగి ఉందో చూడవచ్చు. వాదన నిజమైనా తప్పైనా తేలడానికి రాళ్ళు ఉన్నచోట ఉండాలి. ఆ చెక్కిన రాయి ఒక్కదాన్ని అపురూపమని పెకలించి గాజు గదిలో పెట్టి ఉంటే, నమ్మేవాళ్ళు నమ్ముతూ, నమ్మనివాళ్ళు నమ్మకుండా ఉండిపోయేవాళ్ళం.

గుంటలన్నీ నక్షత్రాలే కానక్కరలేదని చెప్పే రుజువు మన పొరుగునే ఉంది. బళ్ళారి దగ్గర కుప్‌గల్ కొండ మీద నల్లటి డోలరైటు గుండ్లపై ఎద్దుల బొమ్మలు వందల కొద్దీ ఉన్నాయి. వాటి మధ్య కొన్ని బండల మీద నునుపు తేలిన గుంటలు ఉన్నాయి. ఆ గుంట మీద చిన్న రాతితో కొడితే బండ గంటలా మోగుతుంది. తరతరాలుగా కొట్టగా కొట్టగా పడిన గుంటలవి. నికోల్ బోయివిన్ అనే పరిశోధకురాలు 2004లో ఈ సంగతి ప్రచురించాక ప్రపంచం దృష్టి అటు మళ్ళింది. బండ అలా మోగడానికి కారణం అది ఇతర బండల మీద ఆనీ ఆననట్టు నిలిచి ఉండడం. నేల మీదికి దించి సిమెంటు దిమ్మె మీద బిగిస్తే ఆ గుంట ఒక అర్థంలేని సొట్టగా మిగులుతుంది, సంగీతం పోతుంది. ఆ కొండను కంకర క్వారీలు కొరుక్కు తింటున్నాయని అదే పరిశోధకులు అప్పుడే హెచ్చరించారు.

ఇంతవరకూ చెప్పినవి చరిత్ర పూర్వపు రాళ్ళు. హిందూపురం, మడకశిర, పెనుకొండ చేలల్లో చెక్కడంతో కనిపించే రాళ్ళలో ఎక్కువ వాటి తర్వాతి కాలానివి, నొళంబ రాజుల కాలం నుంచి విజయనగర కాలం దాకా పరుచుకున్నవి. ఆవుల మందను కాపాడబోయి చచ్చిపోయినవాడికి నిలిపిన వీరగల్లు ఒక రకం. కింది అరలో పోరాటం, నడిమి అరలో అప్సరసలు మోసుకుపోవడం, పై అరలో శివలింగం ముందు వీరుడు. సహగమనం చేసిన స్త్రీకి నిలిపిన, పైకి లేచిన చేతితో ఉన్న మాస్తికల్లు ఇంకొకటి. దానం చేసిన భూమికి హద్దుగా వామనుడి బొమ్మో, శంఖచక్రాలో, లింగమో చెక్కి పాతినవి మరికొన్ని. వీటి మీద అక్షరాలు ఉంటాయి కాబట్టి, చదివి రాసుకుంటే చాలు, రాయి ఎక్కడుంటే ఏం అని అడగవచ్చు. నాకు ఈ ప్రశ్న అన్నిటికంటే ఆసక్తికరం. హద్దు రాయి విషయంలో జవాబు సులువు. హద్దు మీద నుంచి తీసిన హద్దు రాయి దేనికీ హద్దు కాదు. రెండు మూడు రాళ్ళు ఉన్న చోటే ఉంటే పాత అగ్రహారం ఎంతమేర ఉండేదో నేల మీద గీసి చూపవచ్చు. వీరగల్లు విషయంలో, మంద ఏ దారిన వెళ్ళింది, పోరు ఏ వంక ఒడ్డున జరిగింది, ఏ ఊరికీ ఏ ఊరికీ మధ్య ఆ కొట్లాట అనేది చాలాసార్లు అక్షరాల్లో ఉండదు, రాయి నిలిచిన చోటే సూచిస్తుంది. కర్ణాటకలోని ఆటకూరు రాయి ప్రసిద్ధమైంది. అడవిపందితో పోరాడి చచ్చిన కాళి అనే వేటకుక్కకు పదో శతాబ్దంలో నిలిపిన రాయి అది. ఇప్పుడు బెంగళూరు మ్యూజియంలో ఉంది. శాసనం భద్రంగా ఉంది, పుస్తకాలకెక్కింది. ఆ ఊరి పిల్లలకు మాత్రం ఆ కుక్క కథ తమ మట్టి మీద జరిగిందని చూపడానికి రాయి లేదు. పోరుమామిళ్ళ శాసనం ఇందుకు పూర్తి ఎదురు. 1369 నాటి ఆ రాత చెరువు కట్ట పొడవు 5000 రేఖాదండాలని, వెయ్యి మంది కూలీలూ నూరు బండ్లూ రెండేళ్ళు పనిచేశాయని చెబుతుంది. రాతా చెరువూ ఇప్పటికీ ఒకే ఊళ్ళో ఉన్నాయి. చదివినవాడు నడిచి వెళ్ళి కట్టను కొలవగలడు.

ఇక భద్రత గురించి. చేనులో వదిలేస్తే నిధుల కోసం తవ్వేవాళ్ళు పగలగొడతారు, క్వారీవాళ్ళు చీల్చి అమ్ముకుంటారు, అప్పుడు చోటూ ఉండదు రాయీ ఉండదు కదా అంటారు. ఈ మాటలో నిజం ఉంది. నాగార్జునసాగర్ కడుతున్నప్పుడు నాగార్జునకొండ లోయ మునిగిపోతుందని తెలిసి 1954 నుంచి 1960 దాకా అక్కడ పెద్ద ఎత్తున తవ్వకాలు జరిపి, ముఖ్యమైన కట్టడాలను కొండ పైకి మార్చి మళ్ళీ నిలబెట్టారు. ఆ పని చేయకపోయి ఉంటే ఈనాడు నీళ్ళు తప్ప ఏమీ మిగిలేవి కావు. నేను దాన్ని తప్పుపట్టను. కానీ అక్కడ ఏం జరిగిందో చూడండి. ముందు ఏళ్ళ తరబడి తవ్వారు, కొలిచారు, పటాలు గీశారు, పొర పొరా రాసుకున్నారు. కదిలించడం చివర వచ్చింది. అంటే చోటును కాగితం మీదికి ఎక్కించాకే రాయిని కదిపారు. మన పల్లెల్లో రాయిని గుడి ముందుకు తెచ్చేవాళ్ళు ఫొటో కూడా తీయరు. నిధుల వేటకు అసలు మందు నిజం చెప్పడమే. ఈ సమాధుల్లో సాధారణంగా ఉండేవి నలుపు ఎరుపు కుండలు, ఇనుప పనిముట్లు, పూసలు, ఎముకలు. బంగారం కోసం అర్ధరాత్రి గడ్డపారతో పోయేవాడు కుండ పెంకులు పగలగొట్టుకుని వస్తాడు, పట్టుబడితే జైలుకు కూడా పోతాడు.

పూర్వం వాళ్ళే రాళ్ళు కదిలించలేదా అని ఇంకొకరు అడగవచ్చు. కదిలించారు. మన హేమావతి నొళంబుల రాజధాని. నొళంబ శైలి స్తంభాలు తమిళనాట తిరువయ్యారు గుడిలో ఉన్నాయి, చోళులు గెలుపు గుర్తుగా పట్టుకుపోయారని చరిత్రకారులు చెబుతారు. ఫ్రాన్సులోని బ్రిటనీలో ఇంకా పాత ఉదాహరణ ఉంది. అక్కడ గావ్రినీ అనే సమాధికి కప్పుగా వేసిన బండ మీద సగం ఎద్దు బొమ్మ ఉంది. మిగతా భాగం కొన్ని కిలోమీటర్ల దూరంలో మరో సమాధి కప్పుగా ఉంది. ఒకప్పుడు నిలిచి ఉన్న ఒక మహాశిలను విరగ్గొట్టి ఆ కాలపు మనుషులే రెండు చోట్ల వాడుకున్నారని 1980ల్లో గుర్తించారు. అదే బ్రిటనీలో సేంత్ యుజెక్ దగ్గర వేల ఏళ్ళ నాటి నిలువు రాయి మీద 1674లో క్రైస్తవ చిహ్నాలు చెక్కారు. ఇవన్నీ నా వాదనను కొట్టివేస్తాయని నేను అనుకోను. విరిగిన రెండు ముక్కలూ వేసిన చోట వేసినట్టే ఉండబట్టి కదా ఆ కథ తెలిసింది. పాతవాళ్ళు కదిలిస్తే, ఆ కదలిక కూడా చరిత్రే, దానికీ ఆనవాళ్ళు మిగులుతాయి. మనం కదిలిస్తున్నది మాత్రం చరిత్రను కాపాడుతున్నామనే పేరుతో. అందువల్ల మన మీద బాధ్యత ఎక్కువ.

పూజ విషయం సున్నితమైనది. రాయి దేవుడైపోయాక పరిశోధనకు దారి మూసుకుపోతుందని పురావస్తు శాస్త్రం చదివినవాళ్ళు విసుక్కోవడం సహజం. నేను వాళ్ళతో ఏకీభవించను. ముడుమాల్‌లో జనం ఆ క్షేత్రాన్ని నిలువురాళ్ళ తిమ్మప్పగా కొలుస్తారు, ఒక రాయిని ఎల్లమ్మ అంటారు. రాయి కదిలిస్తే ఊరికి కీడు అనే నమ్మకం ఏ చట్టమూ లేని రోజుల్లో వాటిని కాచింది. 1958 నాటి కేంద్ర చట్టం రక్షిత కట్టడాలను కాపాడుతుంది, 2010 సవరణ వాటి చుట్టూ వంద మీటర్ల దాకా కొత్త నిర్మాణాలను నిషేధిస్తుంది. అయితే జాబితాలో లేని రాయికి ఆ రక్షణ లేదు. జాబితాకెక్కని వేల రాళ్ళకు కాపలా పసుపూ కుంకుమే. ఇబ్బంది పూజతో కాదు, జీర్ణోద్ధరణ పేరుతో వచ్చే ఆయిల్ పెయింటుతోనూ, టైల్స్ గద్దెతోనూ. పెయింటు గీతలను కప్పేస్తుంది, గద్దె పునాది రాయి పాదం దగ్గరి మట్టిని తవ్వేస్తుంది. పూజ చేసుకుంటూనే ఈ రెండూ మానుకోవచ్చు.

చివరగా రైతు. చేను నడిమధ్య రాయి ఉంటే ట్రాక్టరు తిరగదు, జాగా పోతుంది, పైగా పురావస్తు శాఖవాళ్ళు వస్తే భూమి పోతుందేమోనన్న భయం. ఆ భయంతోనే రాత్రికి రాత్రి రాళ్ళు మాయమవుతాయి. ఈ బరువంతా రైతు మీద వేసి, వారసత్వం కాపాడమని చెప్పడం అన్యాయం. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కార్ల కర్మాగారం వచ్చింది, జాతీయ రహదారి వెంట భూముల ధరలు పెరిగాయి, గుట్టలు చదునవుతున్నాయి. ఈ కాలంలో ఒక సెంటు భూమి అయినా ఊరికే వదులుకోమని ఎవరినీ అడగలేం. రాష్ట్రంలో 2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వేలో డ్రోన్లతో, ఉపగ్రహ సంకేతాలతో ప్రతి గట్టునూ కొలుస్తున్నారు. కొలిచే మనిషి ప్రతి చేనుకూ వెళ్తున్నాడు. పాత రాయి కనిపిస్తే దాని స్థానం, అది చూసే దిక్కు, ఒక ఫొటో, రాయి మీద బొమ్మో రాతో ఉంటే దాని వివరం సర్వే నెంబరుతో పాటు గ్రామ పటంలో చేర్చడానికి అదనంగా పది నిమిషాలు పట్టవచ్చు. అలా నమోదయిన రాయి చుట్టూ నాలుగు గజాలు వదిలిన రైతుకు పంచాయతీ నుంచి ఏటా ఒక చిన్న మొత్తం ఇవ్వడం పెద్ద ఖర్చు కాదు. శ్రీ సత్యసాయి జిల్లా 2022 ఏప్రిల్‌లో ఏర్పడింది. కొత్త జిల్లాకు కొత్త పటాలు తయారవుతున్న సమయంలోనే ఈ పని తేలిక. చేను చదును చేశాక, పటం మీద పెట్టడానికి చుక్క ఉంటుంది కానీ దాని కింద రాయి ఉండదు.